క్లౌన్ చేప పిల్లలు నాలుగో రోజే పోతున్నయి, రాటిఫర్ల తోనే తేడానా?

హన్మకొండ_ఉప్పునీళ్లు: అన్నలు జర చెప్పుండ్రి. మా క్లౌన్ జోడి కుండపెంకు మీద గుడ్లు పెట్టింది, ఎనిమిదో రోజు రాత్రి లైట్ బంద్ జేసినంక పిల్లలైనయి, రెండు వందల దాక ఉండె. రాటిఫర్లు (పిల్లలు తినే, కంటికి సరిగ ఆనని నీటి జీవులు) ఏసిన, మూడు రోజులు మంచిగ తిరిగినయి, నాలుగో రోజు పొద్దుగాల చూస్తే అడుగుకు తెల్లగ పడున్నయి. ఇప్పుడు పదో పన్నెండో మిగిలినయి.

కాజీపేట_రీఫ్: ఆర్టీమియా (ఉప్పునీళ్ల చిన్న రొయ్యలు) తొందరపడి ఏసినవా తమ్మీ? అప్పుడే పుట్టిన ఆర్టీమియా 400–500 మైక్రాన్లు ఉంటది, ఆ చిన్న నోట్లె పట్టదు. నేనైతే ఆరేడో రోజు నుంచి కొంచెం కొంచెం కలుపుత, రాటిఫర్లు ఆపకుండ.

హన్మకొండ_ఉప్పునీళ్లు: లేదన్నా, ఆర్టీమియా ఇంకా ఏయనే లేదు.

నానో_అక్క: రాటిఫర్లకు ఏం పెడుతున్నవ్?

హన్మకొండ_ఉప్పునీళ్లు: బేకరీ ఈస్ట్ అన్నా.

నానో_అక్క: పేర్లనే అక్క అని ఉంది గద తమ్మీ 😄 సమస్య అక్కడనే ఉన్నట్టుంది. ఈస్ట్ తోని రాటిఫర్లు మస్తు పెరుగుతయి గని వాటి కడుపుల పిల్లలకు పనికొచ్చే కొవ్వు ఉండది, పిల్ల కడుపు నిండినట్టే కనిపిస్తది లోపల ఏం ఉండది. నానోక్లోరోప్సిస్ అనే సన్న నాచు పెట్టు, దాంట్ల ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు ఉంటది గని అసుంటిదే ఇంకో కొవ్వు డీహెచ్‌ఏ దాదాపు ఉండది, గందుకే ఐసోక్రైసిస్ అనే ఇంకో నాచు కూడ కలపాలె. పిల్లల ట్యాంకు నీళ్లు కూడ ఆ నాచు తోని లేత ఆకుపచ్చగ ఉంచు, లేకుంటే రాటిఫర్లు కొన్ని గంటలల్లనే ఖాళీ కడుపు తోని తిరుగుతయి. ఒక ఎంఎల్‌కు పది రాటిఫర్లన్న ఉండాలె, పక్కకు తీసిన కొన్ని నీళ్లల్ల అయోడిన్ చుక్క ఏస్తే కదలకుండ ఆగుతయి, లెక్కపెట్టుడు అల్కగైతది.

కరీంనగర్_బకెట్: ఉప్పు కూడ చూడు. నా రాటిఫర్ల బకెట్ 20 పీపీటీ (వెయ్యి పాళ్లల్ల 20 పాళ్లు ఉప్పు), ట్యాంకు 33, సీదా పోసిన, సగం అడుగుకు పోయినయి, మెల్లమెల్లగ పెంచినంక మంచిగున్నయి. ఇంకోటి, రెండు బకెట్లు పెట్టు, ఒకటి పాడైతే ఇంకోటి ఉంటది. మా దిక్కు కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగి ఒక్క రాత్రికే మొత్తం పోయె, అప్పటి సంది బ్యాటరీ పంపు కొన్న. బోరు నీళ్లు మాత్రం ముట్టకు, ఆర్‌ఓ నీళ్లల్లనే ఉప్పు కలుపు.

కాజీపేట_రీఫ్: చలికాలంల ఆర్టీమియా గుడ్లు 24 గంటలల్ల పలగయి, హీటర్ పెట్టి 28 డిగ్రీలు ఉంచాలె. గుడ్ల పెంకులు పైకి తేలుతయి, కింద టార్చ్ పెడితే ఆర్టీమియా పిల్లలు వెలుగు దిక్కు వస్తయి, పైపు తోని తీసుకో.

హన్మకొండ_ఉప్పునీళ్లు: సమజైంది అక్కా. జోడి మళ్ల పెంకు సాఫ్ జేస్తున్నయి, వారంల గుడ్లు పెట్టేటట్టున్నయి. ఐసోక్రైసిస్ స్టార్టర్ (పెంచుకునేటందుకు కొంచెం నాచు నీళ్లు) ఎవరి దగ్గరన్న ఉందా?

నానో_అక్క: నా దగ్గర అర లీటర్ ఇస్త. ఐతారం పొద్దుగాల హన్మకొండ చౌరస్తా కాడికి రా, మూత గట్టిగ పెట్టకు.