ఫ్రాగొనార్ చిత్రాలను దు బారీ తిప్పి పంపడం తప్పా?

కుంచె: ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ ప్రియురాలు మదాం దు బారీ లూవెసియెన్‌లోని తన విహారగృహానికి చిత్రకారుడు ఫ్రాగొనార్ చేత 1771-72లో నాలుగు చిత్రాలు వేయించుకుంది. ఒక్కొక్కటి మూడు మీటర్లకు పైగా ఎత్తు. ప్రియుడు వెంటపడటం, తోటలో కలుసుకోవడం, పూలకిరీటం పెట్టడం, ప్రేమలేఖలు చదువుకోవడం. తీరా వాటిని తిప్పి పంపి, జోసెఫ్ మారీ వియెన్ చేత వేరేవి వేయించుకుంది. ఇంతకంటే అభిరుచి లేని పని ఉంటుందా?

పాతమేడ: ఒప్పుకోను. ఆ ఇల్లు కట్టింది వాస్తుశిల్పి లెదూ. స్తంభాలు, సరళరేఖలు, కొత్తగా వచ్చిన రోమన్ పద్ధతి. ఫ్రాగొనార్‌ది రొకోకో, అంటే ఒంపులు, సున్నితమైన అలంకారాల శైలి. అది ఒంపులు తిరిగే గదుల కోసం పుట్టింది. పారిస్‌లో వాస్తుశిల్పి బొఫ్రాన్ తీర్చిన సుబీజ్ భవనపు అండాకారపు గది చూడండి. గోడ ఎక్కడ ఆగి పైకప్పు ఎక్కడ మొదలవుతుందో కన్ను పట్టుకోలేదు. ఆ బంగారు తీగల మధ్య చిత్రకారుడు నాత్వార్ వేసిన సైకీ అనే గ్రీకు పురాణ కన్య కథ ఇమిడిపోయింది. ఫ్రాగొనార్ చిత్రాలు లెదూ గోడల మీద అలా ఒదగవు.

కుంచె: ఇల్లు 1771లోనే లేచింది. దానికోసమే వేయించారు. ఒదగవని ముందు తెలియదా?

రేవతి: 1790లో ఫ్రాగొనార్ వాటిని గ్రాస్ పట్టణంలోని తన బంధువు ఇంటికి తీసుకెళ్లి పెట్టాడుగా. అక్కడ ఒదిగాయి.

పాతమేడ: అందుకు మరో పది చిత్రాలు జత చేయవలసి వచ్చింది, రేవతి గారూ. నా మాటకు అదే సాక్ష్యం.

కుంచె: మీకు గది తప్ప మరొకటి కనిపించదు. నేను ఇళ్లలో గోడచిత్రాలు వేసి బతుకుతాను. నిరుడు ఒక ఇంటి హాలులో రెండు నెలలు కూర్చుని తామరకొలను వేశాను. సోఫాకు నప్పలేదని యజమాని ఒక్క పూటలో దాని మీద తెల్లరంగు కొట్టించారు.

పాతమేడ: డబ్బు ఇచ్చారా?

కుంచె: ఇచ్చారు. అయితే?

పాతమేడ: అయితే గోడ ఆయనది.

కుంచె: గోడ ఆయనదే. కొలను ఎవరిది?

సుధాకర్: ఫ్రాన్సు నుంచి ఎక్కడికి వచ్చాం?

పాతమేడ: ఇంటికి వేసే చిత్రం ఆ ఇంట్లో బతికేవారి కోసమండీ. సుబీజ్ భవనంలో తలుపుల పైభాగాలకు పేరున్న చిత్రకారుడు బూషే కూడా వేశాడు. ఆ పనిలో తక్కువతనం ఏమీ లేదు.

కుంచె: చెరిపే హక్కు ఉందన్నాక తక్కువతనం లేదని ఎలా అంటారు? దు బారీ కనీసం వెనక్కి పంపింది, కాబట్టే అవి బతికాయి. 1915లో అమెరికా ధనవంతుడు ఫ్రిక్ కొని, న్యూయార్క్‌లోని తన ఇంట్లో వాటి కోసం గదినే మార్పించాడు. నా కొలనును ఎవరూ వెనక్కి పంపలేదు.

పాతమేడ: ఫొటో ఉంటే పెట్టండి. చూస్తాను.

కుంచె: ఒకటే ఉంది. సగం పూర్తయినప్పటిది.