ఈత కొలనులో మగవాళ్లకో రూలు, ఆడవాళ్లకో రూలా?

ప్రశ్న: కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్లు చీలమండల దాకా కప్పుకోవాలట. మగవాళ్లు చొక్కా లేకుండా నిక్కరుతో దిగొచ్చు. ఎలా మార్పించాలండీ?

జవాబు 1: రూలు బట్టకు పెట్టమనండి, మనిషికి కాదు. నూలు బట్ట పీచు ఫిల్టర్‌లో పేరుకుంటుంది, రంగు దిగుతుంది, తడిస్తే బరువెక్కి ఈదేవాళ్లను కిందికి లాగుతుంది. అందుకే నైలాన్, పాలిస్టర్ ఈత దుస్తులు అడుగుతారు. ఆ లెక్కన మగవాళ్ల కాటన్ షార్ట్స్ కూడా కుదరవు. పొడవు మాత్రం ఎవరిష్టం వాళ్లది. నిండుగా వేసుకునేవాళ్లనూ ఆపకూడదు.

జవాబు 2: బోనాల్లో ఒంటికి పసుపుతో, చొక్కా లేకుండా ఆడే పోతరాజుకు దండం పెడతాం. మగ ఒంటికి సందర్భం చాలు, ఆడవాళ్లకు సందర్భమున్నా చాలదంటారు. ఇది అన్యాయం. చట్టంలో ఆ తేడా లేదు: బహిరంగ అసభ్య చేష్టలపై బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 296 ఎవరికైనా ఒకటే, 3 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. స్త్రీని అవమానించే మాటలు, సైగలకు సెక్షన్ 79 కింద 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా. అలాంటివి ఎదురైతే పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పొచ్చు.

జవాబు 3: నోటిమాటగా అడిగితే 'ఫ్యామిలీలు ఉంటాయి కదమ్మా' అని తోసేస్తారు. ముందు అసోసియేషన్ బైలాస్ (నియమావళి) కాపీ తీసుకుని, ఈ రూలు అందులో ఉందో, కమిటీ సొంతంగా అతికించిందో చూడండి. తర్వాత సెక్రటరీకి ఉత్తరమిచ్చి, రెండో కాపీపై సంతకం తీసుకుని, జనరల్ బాడీ అజెండాలో పెట్టించండి.