పాత డెస్క్‌టాప్‌లకి పర్సిస్టెంట్ పెన్‌డ్రైవ్ చాలా, లినక్స్ ఎక్కించేయాలా?

రాజోలు_రీడింగ్‌రూమ్: మా ఊరి పిల్లల కోసం ఒక గదిలో పాత డెస్క్‌టాప్‌లు పెట్టామండి. 4 జీబీ ర్యామ్. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, 11 వీటికి ఎక్కదు. ఎవరి పెన్‌డ్రైవ్ వాళ్లకిచ్చి, దాంతోనే ఉబుంటు లినక్స్‌ని లైవ్‌గా, అంటే డిస్క్‌లో ఎక్కించకుండా నడిపించి, ఫైళ్లు కూడా అందులోనే నిలిచి ఉండేలా (పర్సిస్టెంట్) చేద్దామని నా ఆలోచన. హార్డ్ డిస్క్‌లో ఎక్కించేయమని మిగతావాళ్లు. మీరేమంటారు?

భీమవరం_సర్వీస్: ఎక్కించేయండి. మామూలు పెన్‌డ్రైవ్ చిన్న చిన్న ఫైళ్లు రాయడంలో చాలా స్లో. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే దాని లైటు ఆగకుండా మిణుకుతుంది, మౌస్ బిగుసుకుపోతుంది. పైగా తుపాను రోజుల్లో మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. రాస్తుండగా పోయిందంటే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

అమలాపురం_టక్స్: అన్నా, కరెంటు పోతే హార్డ్ డిస్క్‌కైనా అదే గతి కదా. లైవ్‌లో అసలు సిస్టమ్ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన ఫైలులో ఉంటుంది, దాన్ని మార్చడం కుదరదు. మనం చేసే మార్పులన్నీ దాని మీద ఓవర్‌లే పొరలో పడతాయి. ఏదైనా తేడా వస్తే బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైన్లో 'పర్సిస్టెంట్' అన్న మాట తీసేసి బూట్ చేయండి, సిస్టమ్ కొత్తదానిలా లేస్తుంది. పిల్లలు ధైర్యంగా కెలకాలంటే ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

అయితే అప్‌డేట్‌లన్నీ గుడ్డిగా వేయొద్దు. కెర్నెల్, అంటే సిస్టమ్ మూలభాగం, ఐఎస్‌ఓలోంచే (పెన్‌డ్రైవ్ తయారుచేయడానికి దించుకున్న ఫైలు) లేస్తుంది కాబట్టి కొత్తది దించినా నడిచేది పాతదే, చోటు మాత్రం నిండిపోతుంది. తెలుగు టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్, ఫాంట్లు, కావలసిన ప్రోగ్రాములు వేసి ఆపేయండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు, అందుకని పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ ప్రోగ్రాములో పర్సిస్టెన్స్‌కి విడిగా పార్టిషన్ ఇవ్వండి.

భీమవరం_సర్వీస్: పాత సిస్టమ్‌నే కొత్తదానిలా లేపుకుంటూ కూర్చుంటే సెక్యూరిటీ మాటేంటి తమ్ముడూ? నెట్‌కి తగిలించే మెషీన్‌కి కెర్నెల్ ప్యాచ్‌లు అందాలి. పిల్లాడు పెన్‌డ్రైవ్ బస్సులో పోగొట్టుకుంటే? ఆ పార్టిషన్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉండదు, దొరికినవాడు లాగిన్లతో సహా చూస్తాడు.

యానాం_ఎంఎక్స్: ఉబుంటు బదులు ఎంఎక్స్ లినక్స్ చూడండి. మార్పులు ర్యామ్‌లో పెట్టుకుని, షట్‌డౌన్ అప్పుడో మనం చెప్పినప్పుడో రాసే మోడ్ ఉంది. వేగం బాగుంటుంది. కరెంటు పోతే సేవ్ చేయనివి పోతాయి, అది పిల్లలకి ముందే చెప్పాలి. లైవ్ కెర్నెల్ మార్చుకునే టూల్ కూడా అందులో ఉంది.

అమలాపురం_టక్స్: పోగొట్టుకునే విషయంలో అన్న మాట ఒప్పుకుంటాను. పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో సేవ్ చేయనివ్వొద్దు. కెర్నెల్ కోసం కొత్త ఐఎస్‌ఓ వచ్చినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌లు మళ్లీ తయారు చేయాల్సిందే. ఆ ఓపిక లేకపోతే మాత్రం ఎక్కించేయడమే మేలు.

రాజోలు_రీడింగ్‌రూమ్: నెట్ వాడే రెండు మెషీన్లలో ఎక్కించేస్తాను. నేర్చుకునేవాళ్లకి ఎంఎక్స్ పెన్‌డ్రైవ్‌లు.

భీమవరం_సర్వీస్: అలాగైతే సరే. వాళ్ల హోమ్ ఫోల్డర్లు వారానికోసారి వేరే డిస్క్‌లోకి కాపీ తీయండి. పెన్‌డ్రైవ్ చెప్పి పోదు.