కలను సాధనగా పట్టుకోవచ్చునా?

వెంకటనారాయణ రోడ్డు వాసి (చర్చ ప్రారంభం):

చెన్నై టి.నగర్‌లో మా ఇంటి మేడమీద ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం పదకొండుమంది తెలుగువాళ్లం కూర్చుని ఉపనిషత్తులు చదువుకుంటాము. నిరుడు మాండూక్యం పూర్తి చేసిన రోజున, జాగ్రత్ స్వప్న సుషుప్తుల (మెలకువ, కల, గాఢనిద్రల) గురించి ఇంతకాలం మాట్లాడి మన కలలను మనం ఒక్కసారైనా తిరిగి చూసుకోకపోతే ఎలా అని ఒక సభ్యురాలు అడిగారు. ఆ మాట అందరికీ నచ్చి, తలగడ పక్కన నోటు పుస్తకం పెట్టుకోవడం, లేవగానే కలను రాయడం, నెలకొకసారి చదివి వినిపించుకోవడం మొదలుపెట్టాము. నాలుగు నెలలు బాగానే సాగింది. ఐదో నెలలో మాలో పెద్దాయన ఒకరు, హైదరాబాదులో ఉద్యోగానికి బయలుదేరుతున్న మరో సభ్యుడి కొడుకు నీళ్లలో కొట్టుకుపోతున్నట్లు తనకు కల వచ్చిందనీ, అది అమ్మవారి హెచ్చరిక అనీ చెప్పారు. తల్లిదండ్రులు భయపడి కుర్రవాడిని ఆపేశారు. ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు సగంమంది ఈ అలవాటు మానేద్దామంటున్నారు, సగంమంది మానవద్దంటున్నారు. కలలను గమనించడం సాధనలో భాగమా, లేక సాధకుడు దాటిపోవలసిన అడ్డంకా అన్నది నా ప్రశ్న. పంచాంగాల చివర అచ్చువేసే స్వప్న ఫలాల గురించి నేను అడగడం లేదు. ఏనుగు కనిపిస్తే ఏమవుతుంది, పళ్లు ఊడితే ఏమవుతుంది అన్న సమాధానాలు దయచేసి వద్దు.

మైలాపూరు మాండూక్య విద్యార్థి:

మీరు చదివిన గ్రంథమే మీ ప్రశ్నకు సమాధానం చెప్పింది కానీ, మీరు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. మాండూక్యంలోని 12 మంత్రాలలో స్వప్నానికి ఉన్న చోటు ఆత్మ యొక్క రెండో పాదంగానే. కలగనే ఆ చైతన్యానికి తైజసుడని పేరు పెట్టి, ఉపనిషత్తు అక్కడ ఆగకుండా ముందుకు సాగిపోతుంది. ఆ ఉపనిషత్తుకు కారికలు రాసిన గౌడపాదులు వాటిలోని వైతథ్య ప్రకరణంలో, ఇంత చిన్న శరీరం లోపల అంతంత వస్తువులు పట్టే చోటు లేదు కనుక కలలోవి మిథ్య అని తేల్చి, అదే తర్కాన్ని మెలకువలో కనిపించే ప్రపంచం మీదికి తిప్పారు. అంటే కల ఇక్కడ దృష్టాంతం మాత్రమే. దృష్టాంతానికి నోటు పుస్తకాలు పెట్టి లెక్కలు రాయడం, తాడుమీద తోచిన పాము నాగుపామా జెర్రిపోతా అని కూర్చుని తర్కించడం వంటిది. మీ పెద్దాయన చేసింది ఆ తర్కానికి సహజమైన ముగింపు: పాము నాగుపామేనని నిర్ణయించి, పక్కింటివారిని పరుగెత్తించారు.

అడయారు పాఠకురాలు:

మైలాపూరు వారు అద్వైతం చెప్పారు, బాగుంది. కానీ సాధనా గ్రంథం గురించి మాట్లాడేటప్పుడు యోగసూత్రాలను వదిలిపెట్టడం న్యాయం కాదు. మనసును నిలపడానికి పతంజలి సూచించిన ఆలంబనలలో స్వప్నజ్ఞానమూ నిద్రాజ్ఞానమూ ఉన్నాయి. మొదటి పాదంలో 38వ సూత్రం చూడండి. దానికి వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రులు ఇచ్చిన ఉదాహరణ నాకు ఎంతో ఇష్టం. ఒకడు కలలో ఏకాంతమైన అడవిలో, చంద్రబింబం నుంచి చెక్కి తీసినట్లున్న మహేశ్వరుడి ప్రతిమను పూజిస్తూ పూజిస్తూనే మేలుకొంటాడు. మనసు ప్రసన్నంగా ఉంటుంది. ఆ ప్రతిమనే తలచుకుంటూ ధ్యానంలో కూర్చుంటాడు. ఆ కలకు అర్థం ఏమిటని అతడు ఎవరినీ అడగలేదు, దాని ఫలం కోసం ఎదురుచూడలేదు. కల తెచ్చిన ప్రసన్నతను మెలకువలోకి మోసుకువచ్చాడు, అంతే.

మనకు భక్తి సాహిత్యంలోనూ ఇదే దారి కనిపిస్తుంది. గోదాదేవి తన కల్యాణాన్ని కలలో చూసి, ఒక్కో పాశురం చివరా చెలికత్తెతో నేను కలగన్నానని చెప్పుకుంటుంది. ఆ పాశురాలను నేటికీ శ్రీవైష్ణవుల పెళ్లిళ్లలో పాడుతున్నారు. అన్నమయ్య "ఇప్పుడిటు కలగంటి" అన్నప్పుడు వేంకటేశ్వరుడిని కలలో చూసిన సంబరమే కీర్తన అయింది తప్ప, ఆ కలను చూపి ఎవరికీ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు.

నా అనుభవం కూడా చెప్పి ఆపుతాను. మెలకువ రాగానే పక్కకు దొర్లకుండా, కళ్లు తెరవకుండా, అదే భంగిమలో కదలకుండా ఉంటే కల జారిపోదని పాండిచ్చేరి శ్రీమాత చెప్పిన పద్ధతిని ఆరేళ్లుగా పాటిస్తున్నాను. ఎప్పుడో చనిపోయిన మా అత్తగారిని నేను పూర్తిగా క్షమించేశానని పగలంతా నమ్ముతూ వచ్చాను. కలలో మాత్రం వారానికి ఒకసారైనా ఆవిడతో గిన్నెల దగ్గరా, కాఫీ పొడి దగ్గరా పోట్లాడుతున్నాను. జపమాల తిప్పేటప్పుడు బయటపడని ఈ సంగతి నాకు నోటు పుస్తకంలోనే దొరికింది.

తిరువల్లిక్కేణి దాసుడు:

అమ్మా, కాఫీ పొడి దగ్గర పోట్లాటే అసలైన తత్త్వవిచారమని నాకు అనిపిస్తోంది. నవ్వులాటకు అనడం లేదు.

రెండు పక్షాలవారూ బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం రెండో పాదాన్ని తలచుకోలేదు. కలలో రథాలూ గుర్రాలూ దారులూ ఉండవు, అయినా అవి సృష్టి అవుతాయి అని యాజ్ఞవల్క్యుడు జనకుడికి చెప్పిన బృహదారణ్యక వాక్యం మీదే అక్కడ విచారణ జరుగుతుంది. ఆ సృష్టి మాయామాత్రమని శంకరుల నిర్ణయం. భగవద్రామానుజుల నిర్ణయం వేరు: ఆ సృష్టిని చేసేది ఈశ్వరుడే, జీవుడి చిన్న చిన్న పుణ్యపాపాలకు తగిన ఫలంగా, ఆ ఒక్క జీవుడే, ఆ కాసేపు మాత్రమే అనుభవించేలా వాటిని సృష్టిస్తాడు. కనుక మా సంప్రదాయంలో కల అబద్ధం కాదు. అయితే "ఆ ఒక్క జీవుడే" అన్న మాటను కాస్త నిలిచి చూడండి. కలను నిజమని ఒప్పుకునే పక్షంలో కూడా, పెద్దాయనకు వచ్చిన కల పెద్దాయన కర్మకు ఫలం. అందులో కుర్రవాడి ముఖం కనిపించినంతమాత్రాన అది కుర్రవాడికి వచ్చిన ఉత్తరం కాదు. కలను మిథ్య అన్నవారికీ, నిజమన్నవారికీ ఈ ఒక్క విషయంలో భేదం ఉండనవసరం లేదు.

మైలాపూరు మాండూక్య విద్యార్థి:

ఇది నాకు తట్టని కోణం, ఒప్పుకుంటున్నాను. అయితే కల శుభాశుభాలను సూచిస్తుందని ఆ పాదంలోనే ఒక సూత్రం ఉన్నది కదా. కోరిక తీరడానికి కామ్యకర్మ చేసేవాడికి కలలో స్త్రీ కనిపిస్తే కర్మ సిద్ధిస్తుందన్న ఛాందోగ్య వాక్యం దానికి ఆధారం. సూచితమైన వస్తువు సత్యం కావచ్చు, సూచించే కల మాత్రం మిథ్యేనని శంకరులు సమాధానం చెప్పుకున్నారు. పెద్దాయన ఈ సూత్రాన్ని ఎత్తుకుంటే మీరు ఏమంటారు?

తిరువల్లిక్కేణి దాసుడు:

ఆ వాక్యంలో కర్మ చేసేవాడూ, కలగనేవాడూ, ఫలం పొందేవాడూ ఒక్కడే అంటాను.

రాత్రి డ్యూటీ వైద్యుడు:

శాస్త్రచర్చలో వేలు పెట్టను కానీ, మేడమీద కూర్చున్న పదకొండుమందికీ చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. కనుపాపలు వేగంగా కదిలే నిద్రదశను 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. ఇది సుమారు 90 నిమిషాలకు ఒకసారి వస్తూ, పెద్దల నిద్రలో 20 నుంచి 25 శాతం వరకు ఆక్రమిస్తుంది; తెల్లవారేకొద్దీ ఒక్కో విడత పొడవు పెరుగుతుంది. తెల్లవారుజాము కల నిజమవుతుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చినా, ఆ వేళ కలలు ఎక్కువగా గుర్తుండడానికి కారణం ఇదే.

రాసుకోవడం వల్ల మామూలుగా హాని లేదు. కలను పట్టుకోవాలని రాత్రి మూడింటికీ నాలుగింటికీ అలారం పెట్టుకునేవారిని చూశాను. అది నిద్రను పాడుచేసుకోవడమే అవుతుంది. అకస్మాత్తుగా కలలు తీవ్రమైతే, అమ్మవారి సందేశం అనుకునే ముందు మందుల చీటీ చూసుకోండి: రక్తపోటుకు ఇచ్చే ప్రొప్రనొలాల్ వంటి మాత్రలూ, కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులూ, ఒక్కసారిగా మద్యం మానేయడమూ కలలను గాఢం చేస్తాయి. కలలో కొట్టినట్లు నిజంగానే చేతులు విసిరేవారు, పక్కనున్నవారికి దెబ్బ తగిలేదాకా ఆగకుండా నరాల వైద్యుడిని కలవాలి. మెలకువలోనే గొంతులు వినిపించేవారిని ఇటువంటి సాధనలోకి దించవద్దు.

మన ప్రాచీన వైద్యులు కూడా ఈ జాగ్రత్త ఎరుగుదురు. చరకసంహిత ఇంద్రియస్థానంలో కలలను ఏడు రకాలుగా చెప్పి, చూసినది, విన్నది, అనుభవించినది, కోరుకున్నది, ఊహించుకున్నది అన్న మొదటి ఐదింటికీ ఫలం లేదని కొట్టివేసింది. మిగిలిన రెండింటిలో ఒకటి వాత పిత్త కఫ దోషాల ప్రకోపం వల్ల వచ్చేది, అంటే దాన్ని చూడవలసినవాడు వైద్యుడే. భావిని సూచించే కల అంటూ మిగిలింది ఒకే ఒక్క రకం.

సందేహి:

ఇక ఎవరో ఒకరు శ్రీనివాస రామానుజన్ పేరు తెస్తారు కనుక నేనే తెస్తాను. మన మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా పనిచేసిన ఆయన, నామక్కల్ నామగిరి తాయారు కలలో తనకు గణిత సూత్రాలు చూపిస్తుందని చెప్పుకునేవారు. 1914లో ఇంగ్లండు ప్రయాణానికి తల్లి అనుమతి దొరకడం వెనుక కూడా ఒక కల ఉన్నదని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. మరి ఇంగ్లండు గణితవేత్త హార్డీ ఆయనను అడిగినది ఏమిటి? నిరూపణలు. ప్రధాన సంఖ్యల గురించి రామానుజన్ తొలి ఉత్తరాలలో రాసిన కొన్ని మాటలు తప్పని తేలాయి. సరైనవీ తప్పినవీ విడదీసినది మెలకువలో చేసిన గణితమే తప్ప, అవి ఎక్కడి నుంచి వచ్చాయన్న కథ కాదు. పెద్దాయన కలకు అటువంటి పరీక్ష ఏదైనా ఉన్నదా? కుర్రవాడు వెళ్లలేదు కనుక అది తప్పని ఎప్పటికీ తేలదు. తప్పని తేలే అవకాశమే లేని హెచ్చరికకు భయపడడం నాకు అర్థం కాదు.

అడయారు పాఠకురాలు:

సందేహి గారి మాటతో నాకు పేచీ లేదు. కాకపోతే రామానుజన్ ఇంట్లో కల ఒక దారిని తెరిచింది, ఈ కుర్రవాడి ఇంట్లో మూసింది. ఆ తేడాను కూడా మనం చూడాలి. పది మందిలో కలను చెప్పుకోవడం తప్పని మాత్రం నేను అనలేను. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్న సంగతిని, కృష్ణదేవరాయలు తెల్లవారి పండితులను పిలిపించి చెప్పాడని ఆముక్తమాల్యదలోనే ఉన్నది. అది కూడా ఒక బృందమే.

మైలాపూరు మాండూక్య విద్యార్థి:

రాయలవారి కల శుభం కాదని చెప్పగల ధైర్యం ఆ పండితులలో ఎవరికి ఉంటుందమ్మా? మీ ఉదాహరణ నా పక్షానికే వస్తుంది. బృందంలో పెద్దవాడి కల అందరికీ శాసనమవుతుంది. చిన్నవాడి కల విని నవ్వి ఊరుకుంటారు. మీరు అత్తగారి గురించి రాసుకున్నట్లు ఎవరికి వారు రాసుకుని చిత్తాన్ని కడుక్కుంటే అభ్యంతరం చెప్పను, మొదట రాసిన మాటను ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నాను. చదివి వినిపించడమే ఆపవలసింది.

వెంకటనారాయణ రోడ్డు వాసి:

ఇవన్నీ కాగితం మీద రాసుకుని నిన్న పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఓపికగా విన్నారు. విని ఒకే మాట అడిగారు: "అటువంటి కల వచ్చాక నేను నోరు మూసుకుని ఉండి, రేపు ఆ అబ్బాయికి నిజంగానే ఏదైనా జరిగితే, ఆ పాపం ఎవరిది?" నేను ఏమీ చెప్పలేకపోయాను. శంకరులనూ రామానుజులనూ వెంటబెట్టుకుని వెళ్లినవాడిని, కాఫీ తాగి తిరిగి వచ్చాను.

తిరువల్లిక్కేణి దాసుడు:

ఆయన ప్రశ్నలో కపటం లేదు, భయం ఉన్నది. ఆ భయానికి మన ఇళ్లలో ఒక దారి ఎప్పటి నుంచో ఉన్నది. పీడకల వచ్చినప్పుడు గజేంద్రమోక్షం చదువుకోమని పెద్దవాళ్లు చెప్పేవారు; అది దుస్స్వప్నాలను నశింపజేస్తుందని భాగవతం ఎనిమిదో స్కంధంలోనే ఫలశ్రుతి ఉన్నది. చదవవలసినది కలగన్నవాడు, కలలో కనిపించినవాడు కాదు. ఆయన కలలోనూ నీళ్లే ఉన్నాయి, మడుగులో చిక్కుకున్న ఏనుగు కథలోనూ నీళ్లే ఉన్నాయి. కుర్రవాడి పేరున పార్థసారథి కోవెలలో అర్చన చేయించమనండి, కారణం మాత్రం ఎవరికీ చెప్పవద్దనండి. నోరు మూసుకుని ఊరికే కూర్చున్నానన్న బాధ ఆయనకు ఉండదు, ఆ ఇంటివారికి భయమూ ఉండదు.

సందేహి:

నమ్మకం లేనివాడిని అయినా, దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదు కనుక నాకు అభ్యంతరం లేదు.

వెంకటనారాయణ రోడ్డు వాసి:

పెద్దాయన ఒప్పుకున్నారు, కానీ కల అమ్మవారిది కాదని మాత్రం ఒప్పుకోలేదు. ఈ రెండో శనివారం నోటు పుస్తకాలు ఇళ్లలోనే ఉంచి పోతన గజేంద్రమోక్షం చదువుదామని అనుకున్నాము. మైలాపూరు వారు వచ్చి పద్యాలకు అర్థం చెబుతామన్నారు. అడయారు అమ్మగారిని కూడా రమ్మని కోరుతున్నాను. కుర్రవాడి తండ్రి వస్తానన్నాడు. కుర్రవాడు వేరే ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్నాడు. మెట్లమీద ఎదురుపడితే నాతో ఇంకా మాట్లాడడం లేదు.