ఆర్మీ నుంచి లోక్‌సభకు: ఎప్పుడు బయటికి రావాలి, నామినేషన్ ఎక్కడ పోతుంది?

ప్రశ్న (బూత్‌లెవెల్)
సర్వీసులో ఉండగానే పార్టీ టికెట్ సంగతి చూసుకోవచ్చా? మాజీ సైనికుల నామినేషన్లు ఎక్కడ చెడతాయి? గెలిచాక ఆ అనుభవం సభలో పనికొస్తుందా, పోస్టర్ మీద ర్యాంకుతోనే సరిపెట్టుకోవాలా?

రూల్‌బుక్
సర్వీసులో ఉండగా కుదరదండి. 1954 ఆర్మీ రూల్స్‌లో 20వ రూల్ ప్రకారం రాజకీయ సభకు వెళ్లకూడదు, అభ్యర్థినని ప్రకటించుకోకూడదు. రాజీనామా ఇస్తే సరిపోదు, అది ఆమోదం పొంది విడుదలయ్యేదాకా ఆర్మీ చట్టం వర్తిస్తూనే ఉంటుంది. నామినేషన్ల పరిశీలన రోజుకి ఇంకా ఉద్యోగంలోనే ఉంటే రాజ్యాంగం 102వ అధికరణం కింద లాభదాయక పదవి (జీతం వచ్చే ప్రభుత్వ ఉద్యోగం లాంటిది) అడ్డొస్తుంది. పెన్షన్‌తో ఆ ఇబ్బంది లేదు.

తొందరపాటు అసలు దెబ్బ తీసేది పెన్షన్ దగ్గరే. ఆఫీసర్లకు 20 ఏళ్లు, జవాన్లకు 15 ఏళ్లు నిండాలి. ఎన్నికలు దగ్గర పడ్డాయని ఆ ఏళ్లు నిండడానికి ఆరు నెలల ముందు బయటికొస్తే ఆ నష్టం జీవితాంతం ఉంటుంది.

బయటికొచ్చిన వెంటనే సర్వీస్ ఓటు (సర్వీసులో ఉన్నవాళ్లకు ఉండే ప్రత్యేక ఓటరు నమోదు) సంగతి తేల్చుకుని, ఉంటున్న చోట సాధారణ ఓటరుగా నమోదు కావాలి. దేశంలో ఏదో ఒక లోక్‌సభ స్థానంలో ఓటరైతే చాలు. వేరే స్థానంలో పోటీ చేస్తే మాత్రం ఓటర్ల జాబితా ధ్రువీకృత నకలు జతచేయాలి.

నామినేషన్_డెస్క్
నామినేషన్‌కు ఫారం 2ఎ, అఫిడవిట్‌కు ఫారం 26, డిపాజిట్ 25,000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీలకు 12,500). గుర్తింపు పొందిన పార్టీ అయితే ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. ఇవన్నీ ఎవరైనా చూసుకుంటారు.

చాలామంది చూసుకోనిది డిస్మిస్ అయినవాళ్ల సంగతి. తీసేసి ఐదేళ్లు నిండకపోతే, అది అవినీతికో దేశద్రోహానికో కాదని ఎన్నికల సంఘం ఇచ్చే సర్టిఫికెట్ నామినేషన్‌తోనే పెట్టాలి. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం 33(3). 2017లో బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) డిస్మిస్ చేసిన తేజ్ బహదూర్ యాదవ్ 2019లో వారణాసిలో వేసిన నామినేషన్ దీని మీదే తిరస్కరణకు గురైంది. సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఆయన అప్పీలు కొట్టేసింది. కాబట్టి డిశ్చార్జి కాగితంలో ఏ పదం రాశారో ముందే చదవండి. ‘డిశ్చార్జి’, ‘డిస్మిసల్’ ఒకటి కావు.

కమిటీ_రూమ్
మూడో ప్రశ్నకు నా జవాబు: పనికొస్తుంది, కానీ సభలో ప్రసంగాల్లో కాదు, స్థాయీసంఘంలో, అంటే ఒక్కో శాఖ పనిని పరిశీలించే ఎంపీల కమిటీలో. రక్షణ స్థాయీసంఘంలో 31 మంది ఉంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. శాఖ బడ్జెట్ పద్దుల మీద అధికారులను కూర్చోబెట్టి అడిగేది అక్కడే. మేజర్ జనరల్‌గా రిటైరైన బీజేపీ ఎంపీ బి.సి. ఖండూరీ అధ్యక్షుడిగా ఉండగా 2018 మార్చి నివేదికలో ఒక లెక్క బయటపడింది. సైన్యం దగ్గరున్న సరంజామాలో 68 శాతం పాతబడింది, 24 శాతం ప్రస్తుత తరానిది, 8 శాతమే అత్యాధునికం. ఉండాల్సింది మూడో వంతు చొప్పున. సొంత పార్టీ ప్రభుత్వం మీదే ఆ నివేదిక! ఆ సెప్టెంబరులో ఖండూరీ బదులు కల్‌రాజ్ మిశ్రా అధ్యక్షుడిగా వచ్చారు.

ఓట్ల దగ్గర ర్యాంకు కాపాడదు. అదే ఖండూరీ 2012లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా ఉంటూ కోట్‌ద్వార్‌లో ఓడారు. మన దగ్గర ఉత్తమ్ కుమార్ రెడ్డి ఒకప్పుడు వైమానిక దళంలో ఫైటర్ పైలట్. ముందు కోదాడ, తర్వాత హుజూర్‌నగర్‌లో ఎమ్మెల్యేగా గెలుస్తూ వచ్చి 2019లో నల్గొండ ఎంపీ అయ్యారు. 2023 డిసెంబరులో మళ్లీ హుజూర్‌నగర్ గెలిచి లోక్‌సభకు రాజీనామా చేశారు. రెండు సభ్యత్వాలు కలిపి ఉంచుకోలేరు, 14 రోజుల్లో తేల్చుకోవాలి.

బూత్‌లెవెల్
పోస్టర్ మీద ర్యాంకు వేసుకోవచ్చా మరి?

రూల్‌బుక్
వేసుకోవచ్చు. పేరు ముందు ర్యాంకు, పేరు తర్వాత బ్రాకెట్లో ‘రిటైర్డ్’. యూనిఫాం ఫొటో వద్దు. ప్రచారంలో సైనికుల బొమ్మలు వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. పాత ఫొటో ఉన్న ఫ్లెక్సీలు షెడ్యూలు రాకముందే దింపించండి.