శనివారం పెర్ల్ హార్బర్ స్మరణ + టాక్స్ చర్చ: హాల్ వాళ్లు వద్దంటున్నారు, ఏం చేద్దాం?

వరంగల్ అక్క · మంగళవారం, డిసెంబర్ 7, 2010, రాత్రి 9:10
శనివారం కార్యక్రమానికి ఇప్పటిదాకా ఒక్కరూ పేరు ఇవ్వలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. వెటరన్స్ హాల్ ఒంటిగంట నుంచి అయిదింటి దాకా మనది. ముందు పెర్ల్ హార్బర్ స్మరణ (1941 డిసెంబర్ 7న అక్కడి అమెరికా నేవీ స్థావరం మీద జపాన్ దాడి చేసింది), తర్వాత భోజనం, ఆ తర్వాత టాక్స్ చర్చ, అంటే నిన్న ఒబామా రిపబ్లికన్లతో కుదిరిందని ప్రకటించిన పన్ను ఒప్పందం మీద. కుర్చీలు వెయ్యడానికి నలుగురు, పులిహోర రెండు పెద్ద ట్రేలు, పెరుగన్నం, మంచినీళ్లు, ప్రొజెక్టరు, పిల్లల చేత రెండు జాతీయ గీతాలు పాడించడానికి ఎవరో ఒకరు, ఆ రోజుల గురించి మాట్లాడటానికి వచ్చే పెద్దాయన్ని ఇంటి నుంచి తీసుకొచ్చి మళ్లీ దింపడానికి వీల్‌చైర్ పట్టే వ్యాను కావాలి. ఈ రాత్రికే పేర్లు పెట్టండి. సంక్రాంతికి చేసినట్టు చివరి గంటలో నాకు ఫోన్లు చెయ్యకండి.

గోదారోడు · 9:32
పులిహోర మా ఇంటి నుంచి. ఆవ పెట్టి చేస్తాం. వద్దనేవాళ్లు ఇప్పుడే చెప్పండి, అక్కడ ట్రే ముందు నిలబడి మొహం చిట్లించవద్దు.

ఓపీటీ కుర్రాడు · 9:51
కుర్చీలకి నేను, మా రూమ్మేట్లు ముగ్గురు. ప్రొజెక్టరు రేపు డిపార్ట్‌మెంట్‌లో అడిగి చెప్తాను.

విశాఖ తీరం · 10:15
పిల్లల్ని నేను చూసుకుంటా. మాట్లాడటానికి పది నిమిషాలు కూడా ఇవ్వండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా వైజాగ్ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయని ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. పెర్ల్ హార్బర్ జరిగిన నాలుగు నెలలకే అది. ఊరు ఖాళీ చేసి జనం పల్లెలకి పోయారని మా అమ్మమ్మ చెప్పేది. అప్పటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది, ఫోటో తెస్తాను.

వరంగల్ అక్క · బుధవారం, మధ్యాహ్నం 12:20
అందరూ ఆగండి. హాల్ మేనేజర్ ఇప్పుడే ఫోన్ చేశాడు. మన ఫ్లయర్ ఎవరో ఆయనకి చూపించారు. "పెర్ల్ హార్బర్ నుంచి ఒబామా ఒప్పందం దాకా: ఎవరు లొంగిపోయారు?" అని ఉన్న ఆ పెద్ద అక్షరాల లైనుతోనే గొడవ. చనిపోయినవాళ్ల పేర్లు గోడ మీద ఉన్న హాల్లో ఈ వారంలో ఆ మాట పెట్టి రాజకీయం మాట్లాడితే ఒప్పుకోం అన్నాడు. స్మరణ ఒక్కటే అయితే హాల్ మనదే, టాక్స్ కూడా ఉంటే ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకోండి అంటున్నాడు. రేపు సాయంత్రంలోగా జవాబు కావాలట.

బెజవాడ బుల్లోడు · 12:41
ఫ్లయర్ నేను చేశాను, అందులో తప్పేమీ లేదు. సోమవారం ప్రెసిడెంటు ఈ ఒప్పందాన్ని టీవీలో ప్రకటించాడు, దేశమంతా దాని గురించే మాట్లాడుతోంది, మనం మాట్లాడితే మాత్రం రాజకీయమా? నాకున్నది పన్నెండు మందితో నడిచే చిన్న కన్సల్టెన్సీ. దాని లాభం మొత్తం నా సొంత పన్ను రిటర్న్‌లోకే వస్తుంది. బుష్ నాటి పన్ను తగ్గింపులు ఈ నెలాఖరుతో ముగుస్తాయి, జనవరి 1కి ఏ బిల్లూ పాస్ కాకపోతే పై రేటు 35 నుంచి 39.6కి పోతుంది, కింద 10 శాతం కట్టేవాడు 15 కడతాడు, పిల్లల క్రెడిట్ 1000 నుంచి 500కి పడుతుంది. ఇది ఇంటి లెక్క. దీన్ని రాజకీయం అని పక్కన పెడితే మన సంఘం ఇంక దీపావళి టపాసులకి తప్ప పనికిరాదు.

గోదారోడు · 12:58
తమ్ముడూ, లెక్క గురించి ఎవరూ ఏమీ అనలేదు. "లొంగిపోయారు" అన్న మాట గురించి అన్నారు. 2,403 మంది పోయిన రోజుని తీసుకొచ్చి నీ రిపబ్లికన్ పార్టీ వాళ్లు ఎంత గట్టిగా బేరమాడారో కొలవడానికి వాడుతున్నావు. అరిజోనా ఓడలోనే 1,177 మంది పోయారు, వాళ్లలో చాలామంది ఇంకా అందులోనే ఉన్నారు. నాకు కూడా ఆ ఫ్లయర్ చూసి ఒళ్లు మండింది, అక్క ఏమీ అనలేదని ఊరుకున్నా.

బెజవాడ బుల్లోడు · 1:04
ఊరుకోవడం ఎందుకు అన్నా, అప్పుడే చెప్పాల్సింది. అందరూ వెనకాల అనుకునేవాళ్లే.

డాక్టర్ బాబాయ్ · 1:30
నేనూ రిపబ్లికన్‌కే ఓటేశాను కాబట్టి నా మాట పక్షపాతం అనుకోరు. బుల్లోడా, నువ్వు గెలిచామనుకుంటున్నావు, నాకు అలా కనిపించడం లేదు. రెండేళ్లకి రేట్లు ఆపారు, దానికి బదులుగా నిరుద్యోగ భృతి 13 నెలలు పొడిగించారు, ఎక్కడా ఒక్క డాలరు ఖర్చు కొయ్యలేదు. ఈ ఏడాది సున్నా ఉన్న ఎస్టేట్ టాక్స్‌ని, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్నుని, 35 శాతం దగ్గర మళ్లీ లేపి నిలబెట్టారు. మన పార్టీ సెనేటర్ డీమింట్ వద్దంటున్నాడు, పన్నులు తగ్గించాలనే క్లబ్ ఫర్ గ్రోత్ వద్దంటోంది. రెండేళ్లకే అన్నారు కాబట్టి 2012 ఎన్నికల ముందు మళ్లీ ఇదే కత్తి మెడ మీదికి వస్తుంది.

బెజవాడ బుల్లోడు · 1:47
బాబాయ్, ఏమీ చెయ్యకపోతే ఎస్టేట్ టాక్స్ సున్నా దగ్గర ఆగదు. జనవరిలో 10 లక్షల డాలర్లు దాటిన దాని మీద 55 శాతం దాకా పోతుంది. ఒప్పందంలో 50 లక్షల దాకా మినహాయింపు. గ్రోవర్ నార్క్విస్ట్ కంటే గట్టి పన్ను వ్యతిరేకి ఎవరున్నారు, ఆయనే ఓటెయ్యమంటున్నాడు. సెనేట్ ఇంకా డెమొక్రాట్ల చేతిలోనే, ప్రెసిడెంటు వాళ్లవాడే. ఇంతకన్నా ఎవడు తెస్తాడు?

డాక్టర్ బాబాయ్ · 1:55
జనవరిలో కొత్త హౌస్ (ప్రతినిధుల సభ) మనదే కదా. నాలుగు వారాలు ఆగలేకపోయారా?

వరంగల్ అక్క · 2:10
మీరిద్దరూ చర్చ ఇక్కడే ముగించేస్తే శనివారం అద్దె ఖర్చు మిగులుతుంది. నేను అడిగింది హాల్ గురించి. గుడి హాల్ అడిగాను, శనివారం సుబ్రహ్మణ్య షష్ఠి, అభిషేకాలు, ఖాళీ లేదు. లైబ్రరీ గది ఉచితం, తిండి పెట్టనివ్వరు. ఇంకెవరికైనా ఏదైనా తెలుసా?

విశాఖ తీరం · 3:25
నాదొక ప్రశ్న. టాక్స్ చర్చ లేకపోతే ఏమవుతుంది? పెద్దాయన్ని ఎందుకు పిలిచామో గుర్తుందా? పెర్ల్ హార్బర్ వార్త రేడియోలో విని మర్నాడే నేవీలో చేరడానికి వరసలో నిలబడ్డ మనిషి. ఆయన మాట్లాడాక ఆవలింతలు ఆపుకుంటూ ఎస్టేట్ టాక్స్ వినాలా?

బెజవాడ బుల్లోడు · 3:31
సరే అయితే. నేను రాను. ప్రొజెక్టరు, మైకు నా కారులోనే ఉన్నాయి, కావాలంటే ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి.

ఓపీటీ కుర్రాడు · 3:40
అన్నా, ప్రొజెక్టరు నేను డిపార్ట్‌మెంట్ నుంచి తెస్తున్నా కదా.

బెజవాడ బుల్లోడు · 3:42
అయితే మైకు.

లెక్కల మాస్టారు · బుధవారం, రాత్రి 10:30
క్లయింట్ల పనిలో పడి ఇప్పుడే అంతా చదివాను. రెండు మాటలు. మన సంఘం 501 సి 3, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. ఎవరికి ఓటెయ్యాలో చెప్పకూడదు. పన్ను విధానం మీద చర్చ పెట్టుకోవచ్చు, రెండు వైపులా చెప్పాలి. కాబట్టి బుల్లోడి హక్కు గురించి ఎవరూ బెంగపడక్కర్లేదు. కానీ హాల్ వాళ్లది, వాళ్ల మాట వాళ్లది.

రెండోది, మీరు ఈ రెండింటినీ వేరు చెయ్యాలని కొట్టుకుంటున్నారు గానీ అవి ముందే కలిసే ఉన్నాయి. యుద్ధానికి ముందు ఈ దేశంలో మామూలు కూలీ, గుమస్తా ఆదాయపు పన్ను కట్టేవాడే కాదు. 1939లో కట్టినవాళ్లు 40 లక్షల లోపు. యుద్ధం ముగిసేసరికి 4 కోట్లు దాటారు. పెర్ల్ హార్బర్ తర్వాత 1942 చట్టంలో ఒంటరి మనిషికి మినహాయింపు 500 డాలర్లకి దించారు, దాని పైన ఏడాదికి 624 డాలర్లు దాటిన ఆదాయం మీద 5 శాతం విక్టరీ టాక్స్ వేశారు. 1943 జులై నుంచి మామూలు ఆదాయపు పన్ను కూడా జీతంలోంచే కోసుకోవడం మొదలైంది. ఇవాళ మన పేస్టబ్‌లో, అంటే జీతం చీటీలో, కనిపించే ఫెడరల్ కోతకి మూలం అదే.

దానికి ముందు కూడా ఒక రాజీ ఉంది, ఎవరికీ పట్టని రాజీ. ప్రతి ఏడాది పోయిన ఏటి పన్ను కట్టే అలవాటు కాబట్టి, ఒక్కసారిగా నెలనెలా కోతకి మారితే 1943లో జనం రెండేళ్ల పన్ను కట్టాలి. మేసీస్ కోశాధికారి బియర్డ్‌స్లీ రమల్ ఒక ఏటి పన్ను మొత్తం మాఫీ చెయ్యమన్నాడు. రూజ్‌వెల్ట్ ధనవంతులకి అది పండగ అని ఒప్పుకోలేదు. చివరికి 75 శాతం మాఫీ దగ్గర తెగింది. ఈ కోత పద్ధతి మీద ట్రెజరీలో పనిచేసిన కుర్రవాళ్లలో ఒకడు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. మన బాబాయ్, బుల్లోడు ఇద్దరూ కొలిచే ఫ్రీడ్‌మనే. యుద్ధానికి అది తప్పలేదని అంటూనే, తర్వాత ఆ పద్ధతి ఎత్తేస్తే బాగుండునని రాశాడు. తాత్కాలికం అనుకున్నది ఎలా ఉండిపోతుందో సంప్రదాయవాదులకి ఇంతకన్నా మంచి కథ దొరకదు.

ఇది స్మరణలోనే ఇరవై నిమిషాలు చెప్పొచ్చు. మేనేజర్‌తో నన్ను మాట్లాడనివ్వండి.

ఓపీటీ కుర్రాడు · 10:52
మాస్టారూ, ఒక చిన్న డౌట్. ఒప్పందంలో సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) కోసం జీతంలోంచి పోయే కోత 2 శాతం తగ్గుతుందట కదా, మాకు ఎంత వస్తుంది?

లెక్కల మాస్టారు · 11:05
నీకేమీ రాదు నాయనా, ఓపీటీలో, అంటే స్టూడెంట్ వీసా మీద చదువయ్యాక చేసే ఉద్యోగంలో, నీ జీతంలోంచి ఆ కోతే లేదు. హెచ్1 వాళ్లకి 6.2 నుంచి 4.2. ఆ కోత పడే జీతం పరిమితి 1,06,800 డాలర్లు కాబట్టి ఎక్కువలో ఎక్కువ 2,136. ఇండియాతో సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు, పదేళ్లు నిండకుండా వెళ్లిపోయేవాడికి కట్టింది తిరిగి రాదు. అలాంటివాడికి ఈ 2 శాతమే చేతికొచ్చిన లాభం.

గోదారోడు · 11:20
చూశారా, ఎవరూ తిట్టుకోకుండా ఒక టాక్స్ చర్చ అయిపోయింది.

వరంగల్ అక్క · గురువారం, సాయంత్రం 5:45
మాస్టారూ నేనూ వెళ్లి మేనేజర్ని కలిశాం. మొదట ససేమిరా అన్నాడు. రమల్ కథ విన్నాక, తన తండ్రి పాత జీతం చీటీల మీద ఆ విక్టరీ టాక్స్ ఉండేదని ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. షరతు ఒకటే: హాల్లో 1945 దాటి ఒక్క మాట ఉండకూడదు. కొత్త ఫ్లయర్ కావాలి, ఆ లైను తీసేసి.

బెజవాడ బుల్లోడు · 6:30
మార్చి పంపాను, మెయిల్ చూడండి. ఇవాళ హౌస్ డెమొక్రాట్లు కూర్చుని ఈ ఒప్పందం ఇలాగే ఉంటే ఓటుకి తీసుకురావద్దని తీర్మానించారు, తెలుసా. ఎవరికీ నచ్చలేదంటే ఏదో సరిగ్గా చేశారన్నమాట. అది హాల్లో అననులెండి.

డాక్టర్ బాబాయ్ · 6:48
చర్చ మా ఇంట్లో పెట్టుకుందాం, హాల్ అయ్యాక అయిదున్నరకి. బేస్‌మెంట్‌లో ముప్పైమంది పడతారు. బుల్లోడు అటు, నేను ఇటు, మాస్టారు మధ్యలో. సంఘం పేరు వద్దు, మా ఇంటి పిలుపు.

విశాఖ తీరం · 7:10
పెద్దాయన దానికీ వస్తానంటున్నారు బాబాయ్. బేస్‌మెంట్ మెట్లు ఎలా?

డాక్టర్ బాబాయ్ · 7:15
అయితే గ్యారేజ్. కార్లు బయట పెట్టి హీటర్లు పెడతా.

గోదారోడు · శుక్రవారం, సాయంత్రం 5:10
సెనేటర్ బెర్నీ శాండర్స్ పొద్దుటి నుంచి సెనేట్‌లో నిలబడి ఈ ఒప్పందం మీద మాట్లాడుతూనే ఉన్నాడు, ఇంకా ఆపలేదు. అటు వైట్‌హౌస్‌లో మాజీ ప్రెసిడెంటు క్లింటన్ వచ్చి ఒప్పందం మంచిదే అని మైకు పట్టుకున్నాడు. ఇటు సంప్రదాయవాద కాలమిస్టు చార్లెస్ క్రౌట్‌హామర్ ఇవాళ్టి కాలమ్‌లో ఒబామా రిపబ్లికన్లని బోల్తా కొట్టించాడని రాశాడు. బాబాయ్ ప్రింట్ తీసి తెస్తాడు, బుల్లోడా సిద్ధంగా ఉండు.

రేపు సాయంత్రం నుంచి గట్టి మంచు అంటున్నారు. గ్యారేజ్ ఆలోచన వదిలేద్దామా?

వరంగల్ అక్క · 5:40
పొద్దున్నే మొదలుపెడదాం. హాల్ పదకొండు నుంచి ఇస్తానన్నాడు. పదకొండుకి స్మరణ, ఒంటిగంటకి అక్కడే భోజనం, రెండున్నరకి బాబాయ్ ఇంట్లో, నడిగదిలోనే. సోఫాలు పక్కకి జరపండి. నాలుగున్నరకల్లా అందరూ ఇళ్లకి. కుర్చీల కుర్రాళ్లు తొమ్మిదిన్నరకి రావాలి. జాతీయ గీతాలకి పిల్లల్ని పదకొండుకి తేలేమని ముగ్గురు తల్లులు చెప్పారు, రికార్డింగ్ పెడదాం. వ్యాను ఎవరూ ఇవ్వలేదు.

బెజవాడ బుల్లోడు · 5:58
వ్యాను నాది. పెద్దాయన్ని నేను తెస్తాను, దింపుతాను. మైకు కూడా అందులోనే.

విశాఖ తీరం · 6:05
దారిలో ఆయనతో ఒప్పందం గురించి మొదలుపెట్టకు.

బెజవాడ బుల్లోడు · 6:07
ఆయనే మొదలుపెడితే?

వరంగల్ అక్క · శనివారం, ఉదయం 8:50
పులిహోర పొద్దున్నే అయ్యేలా లేదని గోదారోడు ఇంటి నుంచి ఫోన్. ఒక ట్రే వస్తుందట. రెండోదానికి బదులు ఎవరైనా దారిలో పిజ్జాలు పట్టండి, శాకాహారం, పన్నెండు పెట్టెలు, రసీదు నాకు. పెరుగు ఎవరి చేతిలో ఉంది?