పాత కెమిస్ట్రీ ల్యాబ్: కూల్చాలా, ఉంచాలా?

పిప్పెట్: మన యూనివర్సిటీ పాత కెమిస్ట్రీ ల్యాబ్‌ను ఈ సెలవుల్లో కూల్చేస్తారట. కొత్త బ్లాక్ రెడీ. పాతదాన్ని మ్యూజియం చేయమని అర్జీ పెడదామనుకుంటున్నాం. జర్మనీలో, గీసెన్‌లోని రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ల్యాబ్ 1920 నుంచి మ్యూజియంగానే ఉంది. మనదెందుకు ఉండకూడదు?

వెర్నియర్: లీబిగ్‌ది వేరే సంగతండీ. విద్యార్థుల చేత ప్రయోగాలు చేయించి కెమిస్ట్రీ నేర్పే పద్ధతి అక్కడి నుంచే దేశదేశాలకూ పాకింది. మనం చేసింది మామూలు సాల్ట్ అనాలసిస్, ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టడం. అయినా ఆ నేల సంగతి ఎవరూ ఎత్తరేం? థర్మామీటర్ పగిలినప్పుడల్లా పాదరసం పలకల సందుల్లోకి జారింది. చీపురు పెడితే ఇంకా చిన్న పూసలుగా చెదురుతుందే గానీ పోదు. గది వేడికే ఆవిరవుతుంది, ఆ ఆవిరికి రంగూ వాసనా ఉండవు. అక్కడికి బడిపిల్లల్ని టూర్ తీసుకొస్తారా?

పిప్పెట్: మరి కూల్చితే ఎక్కడికి పోతుందండీ? ఆ దుమ్ములోనే కదా!

బ్యూరెట్: పాదరసం ఉందేమోనని పరీక్ష ఎలాగూ తప్పదు, ఉంచినా కూల్చినా. నేనక్కడ పాఠం చెప్పినవాణ్ణే, ఆ గోడల మీద నాకేం మమకారం లేదు. విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ కబ్బోర్డ్ ఫ్యాన్ తిరిగిన రోజు పండగే. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో చిక్కేమిటంటే, కాసేపటికి ముక్కు మొద్దుబారి వాసన పోయిందనుకుంటాం, గ్యాస్ మాత్రం అక్కడే ఉంటుంది. నా బెంగల్లా చేతిపని గురించే. కొత్త ల్యాబ్‌లో ఆటో టైట్రేటర్లట, అంటే టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని కొలిచి కలుపుతూ ఇంకోదాని గాఢత తేల్చడం) వాటంతటవే చేసే మెషిన్లు. బటన్ నొక్కితే అంకె వస్తుంది. ఎండ్ పాయింట్ (రంగు మారే ఘట్టం) దగ్గర పడ్డాక బ్యూరెట్ అనే కొలత గాజు గొట్టం మూతికి వేలాడే సగం చుక్కను ఫ్లాస్కు గోడకు తాకించి, వాష్ బాటిల్‌తో కడిగి, ఆ లేత గులాబి రంగు 30 సెకన్లు నిలుస్తుందా అని ఊపిరి బిగబట్టి చూడటం ఏ స్క్రీన్ నేర్పుతుంది? మీ అర్జీలో భవనం మాట తీసేయండి. మొదటి సెమిస్టర్ అంతా గాజు బ్యూరెట్లతో, రెండు పళ్ళేల ఫిజికల్ బ్యాలెన్సులతోనే చేయించమని అడగండి.

వెర్నియర్: బ్యూరెట్లకు ఓకే. ఫిజికల్ బ్యాలెన్స్ మాత్రం వద్దు మాష్టారూ. డిజిటల్‌ది పక్కనే ఉండగా ఫోర్సెప్స్‌తో బరువులు మార్చుకుంటూ గంట కూర్చోవడం టైమ్ వేస్ట్. ఆ గంటలో ఇంకో టైట్రేషన్ అయిపోతుంది.

బ్యూరెట్: డిజిటల్ తప్పు చూపిస్తే కనిపెట్టేదెలా?

వెర్నియర్: తెలిసిన బరువు పెట్టి చూస్తే చాలదా?

పిప్పెట్: మీరిద్దరూ అది తేల్చండి, అర్జీ తిరగరాస్తా. పాదరసం పరీక్షలో పాస్ అయితే పాత ల్యాబ్ నుంచి ఒక్క టేకు బెంచీ మాత్రం అడుగుతాను, కాదనకండి.